ఇంట్లో కప్ప – 4వ పాఠం: మేత ముట్టనప్పుడు

పోయిన పాఠంలో తొట్టిలో మన్ను పోయడం, తడపడం నేర్చుకున్నాం. ఇక ప్యాక్‌మన్ కప్పను (పెద్ద నోరు, గుండ్రటి ఒళ్లు ఉన్న పెంపుడు కప్ప) పెంచే ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే కష్టం: మూతి ముందర మిడత తిరుగుతున్నా అది కన్నెత్తి చూడదు.

వెంటనే మేత మార్చకండి. ముందు థర్మామీటర్ చూడండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ కప్పకు 24 నుంచి 28 డిగ్రీలు హాయి. మే నెలలో హన్మకొండ డాబా ఇంట్లో పై అంతస్తు గది ఎంత కాగుతుందో మీకు తెలుసు. ఆ వేడికి కప్ప తిండి మానేసి మన్నులోకి దిగిపోతుంది. వానల కోసం కప్పతల్లి ఆడిన ఊళ్లు మనవి, కప్పకు తడి ఎంత ప్రాణమో మనకు కొత్తగా చెప్పాలా! మన్ను పూర్తిగా ఎండితే అది పాత చర్మాన్నే ఒంటి చుట్టూ పొరలా బిగించుకుని కదలకుండా పడి ఉంటుంది. చచ్చిందనుకుని పారేసేరు సుమా. మన్ను నెమ్మదిగా తడిపి, ఓపిక పట్టండి. తొట్టిని కింది గదిలోకి మార్చండి, పక్కన నీళ్ల కుండ పెట్టండి. ఐసు ముక్కలు మాత్రం వద్దు. చలికాలం రాత్రుల్లో దీనికి తలకిందులు: ఒళ్లు చల్లబడితే మింగింది అరగదు. అప్పుడు మేత వేయకపోవడమే మేలు.

తర్వాత నీళ్లు. కప్ప నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. మొదటి ఏడాది నేను నల్లా నీళ్లు నేరుగా గిన్నెలో పోశాను. పోసిన ప్రతిసారీ అది గిన్నె ఎక్కి బయటికి వచ్చేసేది. మూడు వారాలు ఏమీ తినలేదు. అది చెప్తున్నది నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అక్వేరియం దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు కలిపి పోయడం మొదలుపెట్టాకే మళ్లీ తిన్నది.

మేత కూడా ఎక్కడిదో చూసుకోవాలి. పత్తి చేలలో, మిర్చి తోటల్లో పట్టిన మిడతల మీద పురుగుమందు ఉంటుంది, అవి వద్దే వద్దు.

ఇప్పుడు దగ్గరికి వెళ్లి చూడండి. కప్ప మింగేటప్పుడు రెండు కళ్లూ లోపలికి కుంగుతాయి, మేతను గొంతులోకి నెట్టేందుకు అవీ సాయపడతాయి. నోట్లో మేత లేకుండానే కళ్లు కుంగుతూ, నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే భయపడొద్దు, విడిచిన చర్మాన్ని తింటోంది. ఆ రోజు దాన్ని కదిలించకండి.

వారానికోసారి తూకం వేయండి. వంటింటి డిజిటల్ కాటా మీద పెరుగు డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో కప్పను కూర్చోబెట్టండి. ఎదిగిన కప్ప రెండు వారాలు తినకపోయినా తూకం నిలకడగా ఉంటే ఆగవచ్చు. 120 గ్రాములది 108కి దిగితే ఆగకూడదు. పొట్ట గట్టిపడి దొడ్డికి రాకపోతే మన్ను మింగి ఉండొచ్చు. ముక్కు మునగనంత లోతు గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి, రెండు రోజుల్లో కదలిక లేకపోతే డాక్టరుకు చూపించండి.

తొడల లోపలి వైపు, పొట్ట మీద ఎర్రబారి, కప్ప నీరసంగా ఉంటే బాక్టీరియా జబ్బు అయి ఉండొచ్చు. అదే రోజు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. కప్పను చూస్తారో లేదో ముందే అడిగి బయల్దేరండి. చిల్లుల డబ్బాలో తడి గుడ్డ పరిచి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ పూయొద్దు: చర్మం మీద రాసింది రక్తంలోకి పోతుంది, మొద్దుబార్చే మందు కలిసి ఉంటే ప్రాణమే పోవచ్చు. బలవంతంగా నోరు తెరిచి తినిపించొద్దు, దవడ విరగొచ్చు.

ఈ వారం అభ్యాసం: ఏడు రోజులు పొద్దున, రాత్రి తొట్టి వేడి రాయండి, పక్కనే ఆ వారం తూకం, తిన్నదీ లేనిదీ రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకునే 5వ పాఠం, కాల్షియం పొడి అద్దడం, మొదలుపెడదాం.