ఉడుతల కోసం నాటు బాదంకాయలు: ఏరడం, ఎండబెట్టడం, చలికాలమంతా దాచడం

హైదరాబాద్ ఉడుత చలికి ముడుచుకుని నెలల తరబడి నిద్రపోయే రకం కాదు. జనవరిలో తెల్లవారుజామున ఎంత చలి పెట్టినా, పొద్దెక్కి గోడ మీద ఎండ పడగానే పరుగులు మొదలుపెడుతుంది. మంచు కురిసే దేశాల ఉడుతల్లా నాలుగు నెలల సరుకు మట్టిలో పాతిపెట్టుకోవాల్సిన అగత్యం దానికి లేదు. కాబట్టి మనం దాచి పెట్టేది దానికి పక్క తిండే తప్ప అసలు భోజనం కాదు. ఎంత ఏరాలి, ఎంత పెట్టాలి అన్న లెక్కంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. చెట్లు కొట్టేసి అపార్ట్‌మెంట్లు లేచిన వీధుల్లో ఈ పక్క తిండి బాగా అక్కరకొస్తుంది. పక్కనే మామిడి, మేడి, సీమచింత ఉన్న ఇంట్లో అయితే నీళ్లు పెడితే చాలు.

ఏరడానికి మన ఊళ్లో అన్నిటికన్నా అనువైనది నాటు బాదం. డ్రైఫ్రూట్ దుకాణంలో దొరికే బాదం వేరు. ఇది బడి ఆవరణల్లో, కాలనీ పార్కుల్లో అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాపి, ఆకులు ఎర్రబడి రాల్చే చెట్టు. దీనికి ఏడాదిలో ఒకటికి రెండుసార్లు కాపు వస్తుంది, చెట్టు చెట్టుకీ రాలే నెల మారుతుంది. వానలు వెనకబట్టాక, అక్టోబరు చివర్నుంచి రాలినవే ఏరండి. ఆగస్టులో ఏరినవి ఎండబెట్టేలోపే బూజు పడతాయి.

నల్లటి, బాగా పాత కాయలు వద్దు. పసుపో ఎరుపో తిరిగి ఒకటి రెండు రోజుల్లో రాలినవి, చేత్తో పట్టుకుంటే బరువు తెలిసేవి తీసుకోండి. కండ మీద పళ్ల గాట్లు ఉన్నవి గబ్బిలాలు చీకి పడేసినవి కావచ్చు, వాటిని ముట్టకండి. సన్నటి గుండ్రటి రంధ్రం ఉంటే లోపల పురుగు తినేసి వెళ్లిపోయిందని అర్థం. పప్పు ఉన్న కాయ నీళ్లలో మునుగుతుందన్న పరీక్ష ఇక్కడ పనికిరాదు. దీని పెంకు బెండులా ఉంటుంది, మంచిదైనా పుచ్చుదైనా తేలుతుంది. అందుకే కుప్పలోంచి పది కాయలు అక్కడికక్కడే పగలగొట్టి చూడండి. మూడింటికి మించి పుచ్చులుంటే ఆ చెట్టు వదిలేసి ఇంకో చెట్టు చూసుకోవడం మేలు.

కేబీఆర్, మృగవని, హరిణ వనస్థలి లాంటి జాతీయ పార్కుల్లో ఒక్క కాయ కూడా ఏరకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి నుంచి అటవీ ఉత్పత్తులు తీసుకెళ్లడం నేరం. అయినా అక్కడి కాయలు అక్కడి ఉడుతలవే కదా. మీ కాలనీ చెట్టు కింద కూడా సగం వదిలి సగమే తెచ్చుకోండి.

చెట్టు కింద కనిపించిన ప్రతి గింజా తిండి కాదు. రోడ్ల పక్కన వరుసగా ఉండే కానుగ కాయలు, పార్కు కంచెల వెంట పచ్చగన్నేరు కాయలు, ఖాళీ ప్లాట్లలో ఆముదం, అడవి ఆముదం, గురిగింజ, ఉమ్మెత్త, వీటిలో ఏదీ సంచిలోకి రాకూడదు. పచ్చగన్నేరు గింజ మనిషి గుండెనే ఆపగలదు. ఉడుత బరువు నూరు గ్రాముల చిల్లర. అలవాటైన చోట పెట్టిన తిండిని అది పెద్దగా అనుమానించదు కాబట్టి ఆ జాగ్రత్త మనమే పడాలి. పిల్లల చేత ఏరిస్తే ఇంటికొచ్చాక సంచి బోర్లించి ఒక్కో కాయా చూసుకోండి.

ఎంత ఏరాలంటే, ఇంటికి నాలుగు ఉడుతలు వస్తున్నాయనుకుందాం. ఉడుతకు రెండు కాయల చొప్పున రోజు విడిచి రోజు పెడితే, నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా అరవై పూటలకు 480 కాయలు. పుచ్చుల కింద పావు వంతు పోతుందని లెక్కేసుకుని 640 ఏరితే సరిపోతుంది. అంతకు మించి తెస్తే ఎండబెట్టే చోటు చాలక పాడవుతాయి.

ఇంటికి తెచ్చిన రోజే కండ తీసే పని పెట్టుకోవాలి. కండతో అలాగే ఎండబెడితే పైన ఎండినట్టే ఉంటుంది, పెంకుకు అంటుకున్న చోట తడి మిగిలి అక్కడే బూజు మొదలవుతుంది, చీమలు సరేసరి. ఒక బకెట్ నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున గోనెపట్ట మీద పోసి కాలితో మర్దిస్తే కండ ఊడి వస్తుంది. చెప్పులు వేసుకుని చేయండి, దీని కరక్కాయలాంటి వగరు రసం చేతులకూ, టైల్స్‌కూ అంటితే నల్లటి మరక పడి ఒక పట్టాన పోదు. చెట్టు కింద కారు ఆపేవాళ్లకు ఈ మరకలు కొత్త కాదు. తర్వాత రెండు నీళ్లు మార్చి కడిగి, చిల్లుల గంపలో గంట సేపు వార్చండి.

ఎండబెట్టడానికి డాబా మీద నులక మంచమో, నాలుగు ఇటుకల మీద పెట్టిన ఇనుప జాలీయో కావాలి. గచ్చు మీద నేరుగా పోస్తే కింది వైపు చెమ్మ పడుతుంది. ఒకే వరసగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ, నవంబరు ఎండలో పది పన్నెండు రోజులు ఉంచండి. సాయంత్రం అయిదు లోపు లోపలికి తెచ్చేయాలి. రాత్రి మంచు పడితే పగలంతా పోయిన తేమ తిరిగి ఎక్కుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే. పన్నెండు రోజులు ఎండబెట్టాం, అయినా బూజు పట్టిందేమిటి అంటారు, రాత్రుళ్లు ఎక్కడ ఉంచారని అడిగితే డాబా మీదే అంటారు.

ఎండిందీ లేనిదీ పెంకును చూసి తెలియదు. మూడు కాయలు పగలగొట్టి పప్పు బయటికి తీయండి. వేళ్ల మధ్య వంచితే టక్కున విరగాలి. రబ్బరులా వంగితే ఇంకో మూడు రోజులు. పగలగొట్టడానికీ ఒక పద్ధతుంది. కాయను పడుకోబెట్టి కొడితే పప్పు నుజ్జవుతుంది. అంచు గీత పైకి వచ్చేలా నిలబెట్టి, రోకలిబండతో ఆ గీత మీద ఒక్క దెబ్బ వేస్తే రెండు చెక్కలుగా విడి, మధ్యలో చుట్ట చుట్టినట్టున్న పప్పు చెక్కుచెదరకుండా వస్తుంది. ఒక్కోటి అర గ్రాము అటూ ఇటూ ఉంటుంది, అంతే.

దాచేటప్పుడు మాత్రం పెంకుతోనే దాచాలి. పప్పు తీసి డబ్బాలో పోస్తే గాలి తగిలి, అందులోని నూనె చెడి, నెల రెండు నెలల్లోనే ముక్కిన వాసన కొడుతుంది. పెంకులో ఉన్నది చలికాలం దాటి నిలుస్తుంది. ఎండిన కాయలను గట్టి ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి, డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచితే లోపల దాగిన పురుగు గుడ్లు కూడా చస్తాయి. తీశాక వెంటనే మూతి విప్పకండి. సంచి గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక పూట, అలాగే వదిలేయాలి. చల్లటి కాయల మీద గాలిలోని తేమ నీరై దిగితే పది రోజుల ఎండ పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలోకి మార్చి, అడుగున సిలికా జెల్ పొట్లం రెండు వేసి, వంటింటి ఆవిరి తగలని సజ్జ మీద పెట్టండి. గోనెసంచిలో ఉంచితే ఎలుకలకు విందు. వేపాకు వేస్తే చాలనుకునేవాళ్లున్నారు. వేసుకోండి, కానీ ఫ్రీజర్ పని అది చేయదు.

పదిహేను రోజులకోసారి మూత తీసి వాసన చూడాలి. అడుగున పసుపు పొడిలా రాలితే పురుగు పట్టినట్టు, ఆ డబ్బా మళ్లీ ఫ్రీజర్‌లోకి. పప్పు మీద ఆకుపచ్చ, పసుపు కలిసిన బూజు కనిపిస్తే మాత్రం కడిగి వాడదామన్న ఆలోచన వద్దు, డబ్బాడూ పారేయాల్సిందే. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే బూజు కావచ్చు. వేరుశనగను పీడించేదీ ఇదే, పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏళ్లుగా దీని మీద పరిశోధనలు చేస్తోంది. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.

బాదంకాయలు చాలకపోతే పల్లీలు కలపవచ్చు. తొక్కతో ఉన్నవి, ఉప్పు వేయనివి, ఉడుతకు మూడు కాయలకు మించకుండా. బేగంబజార్‌లో కిలోల లెక్కన కొనేటప్పుడు గుప్పెడు ఒలిచి చూసి, ముడుచుకుపోయిన పలుకులు, రంగు మారినవి ఎక్కువుంటే వదిలేయండి. రోజూ పల్లీలే పెట్టడం మంచిది కాదు. గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, అవే కడుపు నింపుకుంటే ఎముకలు బలహీనపడతాయి. సంక్రాంతి ముందు రేగుపండ్లు, ఆ తర్వాత సీమచింత, ఎప్పుడైనా జామ ముక్క పెట్టడం ఇందుకే. మిక్స్చర్, బిస్కెట్లు, బ్రెడ్డు పూర్తిగా మానేయండి. పప్పు ఒలిచి చేతికందించే ముద్దు కూడా వద్దు. ఉడుత ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, గట్టిది కొరికితేనే అరుగుతాయి. బాదంకాయ అంచు మీద కొద్దిగా చీలేలా కొట్టి పెడితే మిగతా పని అదే చూసుకుంటుంది.

పళ్లెంలో పెట్టిన పల్లీలు హైదరాబాద్‌లో ఉడుతకు దక్కవు, పావురాలకు దక్కుతాయి. దీనికి మార్గం ఒక పీవీసీ గొట్టం. రెండు అంగుళాల గొట్టం అడుగు పొడవు కోసి, రెండు మూతులూ తెరిచే ఉంచి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, కింద వైపు నాలుగు సన్న రంధ్రాలు పెట్టండి. ఒక మూతి మూసేస్తే పిల్లి ఎదురైనప్పుడు ఉడుత లోపలే చిక్కుకుపోతుంది. దీన్ని చెట్టు కొమ్మకో బాల్కనీ కడ్డీకో అడ్డంగా, కదలకుండా, నేలకు ఆరడుగుల ఎత్తున కట్టి, కాయలు సరిగ్గా మధ్యలోకి తోయాలి. పావురం మెడ చాపినా అందవు.

పొద్దున ఏడింటికి పెట్టి, మిగిలినవి సూర్యాస్తమయానికి ముందే తీసేయండి. ఉడుత పగటి జీవి, రాత్రి మిగిలింది ఎలుకల పాలే. కోతులు మొదలైతే రెండు వారాలు అన్నీ ఆపేయడం తప్ప వేరే దారి లేదు. గొట్టాన్ని వారానికోసారి వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. చేత్తో తినిపించకండి. పొరపాటున కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించుకోవాలి.

గొట్టం పక్కనే అంగుళంన్నర లోతున్న మట్టి మూకుడులో నీళ్లు, మధ్యలో ఒక రాయి ఉంచి, రోజూ మార్చండి. మార్చి నుంచి గింజలు తగ్గించి నీళ్లు రెండు పూటలా నింపాలి, అప్పుడు వాటికి తిండి కన్నా అదే అవసరం. జూన్‌లో తొలకరి పడేనాటికి డబ్బాలో ఏమైనా మిగిలితే వచ్చే ఏడాదికని దాచకుండా కంపోస్టు గుంటలో వేసి, డబ్బా కడిగి ఎండలో బోర్లించండి.