లకోటా భాష నేర్వదలచిన తెలుగువారికి

లకోటా అనే ఆదివాసుల భాష అమెరికాలోని దక్షిణ, ఉత్తర డకోటా రాష్ట్రాలలో, ముఖ్యంగా పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, స్టాండింగ్ రాక్ వంటి రిజర్వేషన్లలో (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాలలో) వినిపిస్తుంది. పిల్లలను బోర్డింగ్ పాఠశాలల్లో ఉంచి, సొంత భాష పలికితే శిక్షించిన కాలం ఒకటి గడిచినందువల్ల, దానిని ఉగ్గుపాలతో నేర్చినవారు నేడు ఎక్కువగా పెద్దవయసువారే. కాబట్టి వ్యాకరణం తెరవకముందే అటువంటి పెద్దల మాటల రికార్డింగులు సంపాదించుకోవాలి.

మొదటి పని చెవిని తీర్చుకోవడం. ప, త, క, చ ధ్వనులు ఒక్కొక్కటీ మూడు రకాలు: ఊపిరి లేనిది, ఊపిరితో కూడినది, గొంతు బిగించి వదిలేది. మొదటిది మనకు సహజం. రెండోది మన లిపిలో ఉన్నా నాలుకపై లేదు. ‘కథ’ను ‘కధ’ అనే అలవాటు ఇక్కడ పనికిరాదు. పైగా ‘లకోటా’ పేరులోని కకారం వంటి చోట్ల ఆ ఊపిరి గొంతులో గరగరలాడుతుంది. మూడోదానికి తెలుగులో సాటి లేదు, పదేపదే విని అనుకరించవలసిందే. అ, ఇ, ఉ లకు ముక్కుతో పలికే రూపాలూ ఉన్నాయి. వాటిని ‘న్’తో ముగించకూడదు. ఇక్కడ వాటిని అరసున్నతో, మాటలో ఊనిక పడే అచ్చును దీర్ఘంతో చూపుతున్నాను.

వాక్యనిర్మాణం మనవారిని పెద్దగా ఇబ్బంది పెట్టదు: క్రియ చివరనే వస్తుంది, విభక్తివంటి మాటలు నామం తరువాతే వస్తాయి. శ్రద్ధ పెట్టవలసినది క్రియలోని పురుషసూచకాలపైన, అంటే నేను, నీవు, అతడు అని తెలిపే గుర్తులపైన. ‘లొవాఁ’ అంటే పాడుతాడు లేక పాడుతుంది, ‘వలోవఁ’ అంటే నేను పాడతాను. చేసే పనికి ‘వ’ చేరితే, ఉండే స్థితికి ‘మ’ చేరుతుంది: ‘వష్టే’ మంచిది, ‘మవాష్టె’ నేను మంచివాణ్ని. కొన్ని క్రియల్లో ఈ గుర్తు మాట నడుమ దూరుతుంది కనుక ప్రతి క్రియనూ ‘నేను’ రూపంతో కలిపే రాసుకోవడం మేలు.

ఎవరిని అనుకరిస్తున్నారో కూడా చూసుకోవాలి. ఆజ్ఞార్థకంలో పురుషుడు ‘యొ’ అంటే స్త్రీ ‘యె’ అంటుంది; అన్నను తమ్ముడు ‘ఛియే’ అని, చెల్లెలు ‘థిబ్లో’ అని పిలుస్తారు. స్త్రీల రికార్డింగులు మాత్రమే విన్న పురుషుడి మాట అక్కడివారికి వింతగా తోస్తుంది.

ఓగ్లాలా లకోటా కాలేజీ, సింటే గ్లెస్కా విశ్వవిద్యాలయం వంటి గిరిజన విద్యాసంస్థలు ఈ భాషను బోధిస్తాయి. వర్ణక్రమ పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. మిషనరీల కాలపు రాతల్లో ఊపిరి భేదం తరచు కనబడదు. అందువల్ల ఆ భేదాన్ని స్పష్టంగా చూపే ఒక్క పద్ధతిని ఎంచుకుని, పాత రాతలలోని మాటలను దానిలోకి మార్చి రాసుకోవాలి.