బడిలో చదరంగం క్లబ్బు: బోర్డుతో పాటు నోటుపుస్తకం కొనండి

చదరంగం ఆడితే లెక్కల మార్కులు పెరుగుతాయని తల్లిదండ్రులకు మాటివ్వకండి. ఇంగ్లండులో 100 ప్రాథమిక బడులను తీసుకుని, చదరంగం నేర్పిన బడులను నేర్పని వాటితో పోల్చి చూశారు. 2016లో వచ్చిన నివేదిక ప్రకారం, పాఠాలు ముగిసిన ఏడాదికి లెక్కల్లో తేడా ఏమీ కనిపించలేదు. అసలు లాభం వేరే ఉంది: ఏ ఎత్తు దగ్గర తప్పు చేశాడో పిల్లవాడు తానే వెతికి పట్టుకోవడం. ఎత్తులు రాసుకుంటేనే ఆ అలవాటు వస్తుంది. వట్టినే ఆడుతూ పోతే కాలక్షేపం దగ్గరే ఆగిపోతుంది.

20 మంది పిల్లలకు 10 బోర్డులు చాలు. పావుల సెట్లు మాత్రం 11 కొనండి, బంట్లు తప్పకుండా పోతాయి. చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డులు ఎక్కువకాలం మన్నుతాయి. ప్రతి సెట్టుకూ నంబరు వేసిన సంచి ఇవ్వండి. 32 పావులూ లెక్కపెట్టాకే సంచి మూయాలి. వారానికి రెండు రోజులు, గంట చొప్పున పెట్టుకోండి. బడి బస్సు వెళ్లిపోయే వేళకు పెడితే దూరం నుంచి వచ్చే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ముందుగా మానేస్తారు. అలాంటి చోట మధ్యాహ్న భోజనం తర్వాతి సమయం మేలు.

మొదటి వారం బంట్లతోనే ఆడించండి. ఇద్దరికీ ఎనిమిదేసి బంట్లు, ఎవరి బంటు ముందు అవతలి అంచు చేరితే వాళ్లు గెలిచినట్టు. బంటు ఎదురుగా నడిచి ఏటవాలుగా చంపుతుందన్న సంగతి ఈ ఆటతో చేతికి పట్టుబడుతుంది. రెండో వారం రాజు, ఏనుగు. ఒంటరి రాజును రాజూ ఏనుగూ కలిసి ఆటకట్టు చేయడం నేర్పండి. ఎదుటి రాజుకు కదలడానికి గడి లేకుండా చేసి, చెక్ (రాజు మీద దాడి) మాత్రం చెప్పలేక ఆటను డ్రా చేసుకోవడం ఇక్కడ మామూలే. ఆ స్థితిని బోర్డు మీద అలాగే ఉంచి అందరికీ చూపించండి. మూడో వారం మిగతా పావులు. నాలుగో వారం నుంచి నోటుపుస్తకం.

రాసే పద్ధతి తేలికే: గడి పేరు (నిలువు వరుసకు ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా అక్షరం, అడ్డు వరుసకు 1 నుంచి 8 దాకా అంకె), దాని ముందు పావు అక్షరం. గుర్రానికి ‘ఎన్’ వాడాలి, ‘కె’ రాజుది. బంటుకు అక్షరం లేదు, ‘ఈ4’ అని రాస్తే చాలు.

నాలుగెత్తుల ఆటకట్టు వీడియోల్లో నేర్చుకొచ్చిన వాడొకడు ప్రతి క్లబ్బులోనూ ఉంటాడు. వాడి చేతిలో వరుసగా ఓడి కొత్తవాళ్లు మానేస్తారు, అందుకే జవాబు మొదటే నేర్పండి. ఇద్దరూ రాజు ముందు బంటును రెండేసి గళ్లు జరిపాక, తెల్లమంత్రి హెచ్5కి వచ్చిందనుకోండి. కంగారుగా జీ6 ఆడితే మంత్రి ఈ5 బంటును తిని చెక్ చెబుతుంది, ఆ వెంటనే మూలనున్న ఏనుగూ పోతుంది. ముందు గుర్రాన్ని సీ6కి తెచ్చి ఈ5ను కాయాలి. ఒంటె సీ4కి వచ్చాక అప్పుడు జీ6. ఎత్తుల వరుస ఎంత ముఖ్యమో పిల్లలకు తెలియడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు తెలియదు.

ముట్టుకున్న పావునే కదపాలన్న నియమాన్ని మొదటిరోజు నుంచీ పాటించండి. జాలిపడి ఒకసారి సడలిస్తే పిల్లలు ముందు చెయ్యి పెట్టి, తర్వాత ఆలోచిస్తారు.

గట్టివాళ్లు ఎప్పుడూ బలహీనులతోనే ఆడి గెలుస్తుంటే ఇద్దరికీ నష్టమే. నెలకోసారి స్విస్ పద్ధతిలో పోటీ పెట్టండి: ప్రతి రౌండులో సమాన పాయింట్లున్న వాళ్లను జత కలపాలి, ఓడినవాళ్లెవరూ బయటికి పోరు. 20 మందికి 5 రౌండ్లు సరిపోతాయి.

ఆట అయ్యాక చివరి పది నిమిషాలు ఇద్దరూ కలిసి నోటుపుస్తకం తెరవాలి. ఓడిన పిల్ల తన ఆట మారిపోయిన ఎత్తు కింద గీత గీసి, అక్కడ ఇంకేం ఆడవచ్చో పక్కన రాయాలి. మీరు ముందే చెప్పేయకండి. వేలు పెట్టాల్సిన చోటు ఆ పిల్లకు దొరికేదాకా ఆగండి.