జర్మనీ పల్లెలో కాపురం: తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లేవారికి కొన్ని సూచనలు

తిరుపతిలో నర్సింగ్ చదివి జర్మనీకి వెళ్లేవారందరికీ బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం దొరకదు. చాలామంది చేరేది రెండు వేల జనాభా కూడా లేని పల్లెలోని వృద్ధాశ్రమంలో కావచ్చు. అర్ధరాత్రి బస్సు దిగినా ఇడ్లీ, ఆటో, బసకు గది దొరికే ఊరి నుంచి వెళ్లినవారికి, పొద్దుగూకకముందే వీధిలో మనిషి కనిపించని ఆ పల్లె మొదట్లో కర్ఫ్యూ పెట్టినట్లుగా తోస్తుంది. అక్కడి బతుకు నెమ్మదిగా సాగుతుందన్నది నిజమే గానీ, ఆ నెమ్మది వెనుక కచ్చితమైన వేళాపాళా ఉంటుంది. అది పట్టుబడేదాకా ప్రశాంతత కంటే చిరాకే ఎక్కువ.

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు, యజమాని సంతకం చేసిన పత్రంతో స్థానిక కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అక్కడ అన్‌మెల్డుంగ్ అంటారు. చిన్న ఊళ్లలో ఆ కార్యాలయం వారంలో కొన్ని పూటలే తెరిచి ఉండవచ్చు కనుక ముందే వేళ కనుక్కోవడం మంచిది.

అన్నిటికంటే ముందు అలవాటు చేసుకోవలసింది ఆదివారం. ఆ రోజు దుకాణాలు మూతపడతాయి. మహా అయితే రొట్టెల అంగడి ఉదయం కొన్ని గంటలు తెరుస్తారు. ఇది వ్యాపారుల బద్ధకం కాదు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలన్న 1919 నాటి వైమార్ రాజ్యాంగ నిబంధనను 1949లో వచ్చిన ప్రస్తుత రాజ్యాంగంలోనూ కొనసాగించారు. అందుచేత ఉల్లిపాయలు, పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోవాలి. ఆదివారం గోడకు మేకు కొట్టడం, గడ్డి కోసే యంత్రం నడపడం, ఖాళీ సీసాలను వీధి చివరి డబ్బాలో గలగలమని వేయడం తప్పుగా చూస్తారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కూడా నిశ్శబ్దం పాటించాలి. ఇక్కడి మిక్సీకి అక్కడి కరెంటు సరిపోతుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. కానీ శెనక్కాయల ఊరుబిండి మాత్రం సాయంత్రమే రుబ్బుకోండి. సంగటికి రాగిపిండి పల్లె అంగడిలో దొరుకుతుందని ఆశపడకుండా, దగ్గరి నగరానికి వెళ్లినప్పుడు నాలుగు నెలలకు సరిపడా తెచ్చుకోవడం మేలు.

పల్లె బస్సులు చాలాచోట్ల బడి వేళలను బట్టి నడుస్తాయి, సెలవుల్లో తగ్గిపోతాయి. కొన్ని ప్రాంతాల్లో ముందుగా ఫోను చేస్తేనే వచ్చే బస్సులున్నాయి. కారు నడపగలిగినవారు మన లైసెన్సు అక్కడ నివాసం మొదలైన 6 నెలల వరకే చెల్లుతుందని గుర్తుంచుకోవాలి. ఆ తరువాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాసి గట్టెక్కాలి; జర్మన్ కొంత వచ్చాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది.

మన పల్లెల్లో కొత్త కాపురం దిగితే పక్కింటివారే వచ్చి ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తారు. అక్కడ ఎవరూ రారు. దాన్ని చిన్నచూపుగా భావించకండి. కొత్తగా వచ్చినవారే ఇరుగుపొరుగు తలుపు తట్టి పరిచయం చేసుకోవడం అక్కడి మర్యాద. దారిలో ఎదురైనవారిని పలకరించకుండా వెళ్తే పొగరనుకుంటారు, ఆ విషయంలో పలమనేరు పక్క పల్లెకూ దానికీ పెద్ద తేడా లేదు. పరిచయాలు పెరిగేది సంఘాల్లో: ఆటల సంఘం, పాటల బృందం, స్వచ్ఛంద అగ్నిమాపక దళం. పల్లెల్లో మంటలార్పేది ఎక్కువగా ఊరివారే. శనివారం మధ్యాహ్నం సైరన్ మోగితే కంగారు పడవద్దు, చాలా ఊళ్లలో దాన్ని అప్పుడప్పుడూ అలా పరీక్షిస్తారు.

డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది. చలికి భయపడి కిటికీలు బిగించుకుంటే, అన్నం ఉడికిన ఆవిరి చల్లటి గోడలకు పట్టి బూజు లేస్తుంది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యజమానితో తగవూ వస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు అయిదు పది నిమిషాల పాటు కిటికీలు పూర్తిగా తెరవాలి. ఇంటి ముందు మంచు తొలగించే బాధ్యత అద్దె ఒప్పందంలో మీపై పెట్టారేమో చదివి చూసుకోండి.

జబ్బు పడకముందే ఇంటి వైద్యుణ్ణి వెతుక్కోవాలి. కొత్తవారిని చేర్చుకోని క్లినిక్కులు ఉంటాయి కాబట్టి పనిచేసే చోట సహోద్యోగులను అడగడమే దగ్గరి దారి. క్లినిక్కు మూసిన వేళల్లో 116117కు, ప్రాణాపాయమైతే 112కు ఫోను చేయాలి.