మౌయి పడమటి తీరంలో సాయంత్రం డ్రైవ్: సూర్యుణ్ణి వెనక పెట్టుకుని రండి

హవాయి ద్వీపాల్లో ఒకటైన మౌయి వెళ్లి, కప్పు (టాప్) మడిచేయగల కన్వర్టిబుల్ కారు అద్దెకు తీసుకున్నవాళ్లలో చాలామంది సాయంత్రం కాగానే టాప్ దించేసి, సూర్యుడు ఏ వైపు దిగుతుంటే ఆ వైపే కారు పోనిస్తారు. అంటే ద్వీపం నడుమ దక్షిణపు ఒడ్డున ఉన్న మాలాయ నుంచి పడమటి తీరంలోని లహైనా ఊరి వైపు. నేను చెప్పేది దానికి సరిగ్గా తిరగేసి. పగటిపూటే తీరం వెంట పైకి, ఉత్తరాన ఉన్న కపలువా దాకా వెళ్లిపోండి. అక్కడ మధ్యాహ్నం గడిపి, సాయంత్రం దక్షిణంగా తిరిగి రండి. సూర్యుడు వెనక ఉండాలి, సముద్రం కుడిచేతి పక్కన ఉండాలి. ఈ ఒక్క మార్పుతో అదే రోడ్డు వేరే రోడ్డులా ఉంటుంది.

ఎందుకో చెప్తాను. ఇది హోనోఆపిలాని హైవే, 30వ నంబరు రోడ్డు. మాలాయ దాటాక ఇది వాయవ్యం వైపు సాగుతుంది. జూన్, జూలైల్లో సూర్యుడు అస్తమించేది కూడా దాదాపు ఆ దిక్కుకే. అద్దంలోంచి నేరుగా కళ్లలోకి కొడతాడు. టాప్ తీసేసిన కారులో పైనుంచి నీడ ఉండదు కాబట్టి ఆ చిన్న సన్ వైజర్ ఏ మూలకీ సరిపోదు. ముందున్న కారు బ్రేక్ లైట్లు కూడా కనిపించవు. డిసెంబరులో సూర్యుడు బాగా ఎడమకి జరుగుతాడు, అయినా చిరాకు తగ్గదు. పైగా అమెరికాలో కుడివైపు నడుపుతాం కదా, వెళ్లేటప్పుడు మనకీ సముద్రానికీ మధ్య ఎదురొచ్చే కార్ల వరస ఉంటుంది. ఆగాలనుకున్న ప్రతిచోటా ఆ వరస దాటి ఎడమకి తిరగాలి. మాలాయ నుంచి లహైనా దాకా చాలావరకు ఒక్కో వైపు ఒకటే లైను. మనం తిరగడానికి ఆగితే వెనక వరసంతా ఆగుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఈ ఇబ్బందులేవీ లేవు. బీచ్‌లు, వ్యూ పాయింట్లు అన్నీ కుడివైపే. సిగ్నల్ వేసి మెల్లగా దిగడమే. ముందు సీట్లో కుడిపక్క కూర్చున్నవాళ్లకీ సముద్రానికీ మధ్య ఏ అడ్డూ ఉండదు. మా అమ్మని ఆ సీట్లో కూర్చోబెట్టి నేను నడిపాను. వెనక సీట్లో మా ఆయన కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. రెండు తలుపుల కారులో పెద్దవాళ్లని వెనక్కి ఎక్కించడం వాళ్ల మోకాళ్లకి శిక్ష, కాబట్టి ఆ ఏర్పాటు ముందే మాట్లాడుకోండి.

సూర్యుడు వెనక ఉంటే ఇంక చూసేదేముంది అని మా ఆయనే అడిగారు. సూర్యుడు దేన్ని వెలిగిస్తున్నాడో అది కనిపిస్తుంది. ఎడమవైపు పడమటి మౌయి కొండల మడతలన్నీ ఆ వాలు వెలుతురులో ఒక్కొక్కటిగా విడిపోయి కనిపిస్తాయి. మధ్యాహ్నం అదే కొండ ఒట్టి గోధుమరంగు గోడ. ముందు, మాలాయ బే అవతల, 10,023 అడుగుల హలెయాకలా అగ్నిపర్వతం మేఘాల పైకి తల ఎత్తి గులాబీ రంగుకి తిరుగుతుంది. కుడివైపు లనై, కహోలావె ద్వీపాలు. పైన కప్పు లేదు కాబట్టి వీటన్నిటినీ ఒకేసారి చూడొచ్చు. కన్వర్టిబుల్‌కి ఎక్కువ డబ్బులు కట్టేది ఇందుకే అని నా నమ్మకం. సూర్యుడు మునిగే ఘడియని మాత్రం కారు ఆపి చూడాలి. అది నడుపుతూ చూసేది కాదు.

ఎక్కడ ఆపాలన్నది నెలని బట్టి ఉంటుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ తీరానికి ఎదురుగా లనై ద్వీపం అడ్డంగా పరచుకుని ఉంది. దాని ఎత్తైన శిఖరం దాదాపు 3,370 అడుగులు. మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల, లహైనాకి కాస్త దక్షిణంగా ఉన్న లౌనియుపోకో బీచ్ పార్క్ దగ్గర నిలబడితే సూర్యుడు నీళ్లలోకి కాకుండా లనై కొండల వెనక్కి దిగుతాడు. అప్పుడు ఫోన్‌లో చూపించే టైముకి కొన్ని నిమిషాలు ముందే మాయమవుతాడు. అందుకని ఆ నెలల్లో కాస్త తొందరగా చేరండి. వేసవిలో అయితే లనైకి ఉత్తరంగా, మొలొకై ద్వీపం వైపు దిగుతాడు. అప్పుడు లౌనియుపోకో చక్కటి చోటు. పిల్లలుంటే రాళ్ల గోడ కట్టిన లోతులేని నీళ్ల మడుగు కూడా ఉంది అక్కడ. డిసెంబరు, జనవరిల్లో మాత్రం ఇంకాస్త ముందుకి వచ్చి పాపవై పాయింట్ దగ్గర ఆగండి. అక్కణ్ణుంచి చూస్తే లనైకీ కహోలావెకీ మధ్య ఖాళీ సముద్రం ఉంటుంది, సూర్యుడు ఆ ఖాళీలోనే మునుగుతాడు. అదే కాలంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు అలాస్కా నుంచి ఇక్కడికి వస్తాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో మరీ ఎక్కువ. నీళ్ల మీద తెల్లటి ఆవిరి పైకి చిమ్మిందంటే అది తిమింగలం ఊపిరి. దాన్ని చూడటానికి పడవ అక్కర్లేదు.

ఇక టైము. హవాయిలో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు. సూర్యాస్తమయం నవంబరు చివర్లో 5:45 ప్రాంతంలో, జూలై మొదట్లో 7:10 ప్రాంతంలో ఉంటుంది. ఉష్ణమండలం కాబట్టి సూర్యుడు నిటారుగా దిగుతాడు, చీకటి త్వరగా పడుతుంది. బింబం అంచు నీళ్లని తాకాక రెండున్నర నిమిషాల్లో మొత్తం అయిపోతుంది. ఆ తర్వాత దారి కనిపించే వెలుతురు ఇరవై, ఇరవై రెండు నిమిషాలే. అలాగని బింబం మునగ్గానే కారెక్కేయకండి, ఆకాశం అసలు రంగు తిరిగేది అప్పుడే. ఐదు నిమిషాలు ఆగి బయల్దేరండి. లౌనియుపోకో నుంచి పాపవై దాకా పది మైళ్లు. మిగిలిన వెలుతురు ఆ పది మైళ్లకి సరిపోతుంది. ఈ డ్రైవ్ మొత్తంలో నాకు ప్రాణమైన ముక్క అదే.

కపలువా నుంచి సూర్యాస్తమయానికి గంటన్నర ముందు కదలండి. ఉత్తరాన చినుకులు మామూలే. కొండల మీది పూ కుకుయి ప్రపంచంలోనే అత్యధికంగా వానలు పడే చోట్లలో ఒకటి. దాని మేఘాలు కపలువా మీదికి జారుతుంటాయి. నెత్తిన మబ్బుంటే టాప్ మూసే బయల్దేరండి, కానాపలి చేరేసరికి ఆకాశం సాధారణంగా తేటపడుతుంది. నపిలి, కహానా మీదుగా వెళ్లే పాత లోవర్ రోడ్డు నెమ్మదిగా ఉంటుంది కానీ ఇళ్ల మధ్యనుంచి సముద్రం తొంగిచూస్తుంటుంది. టైముంటే అటే రండి.

సాయంత్రం దక్షిణం వైపు ట్రాఫిక్ ఎక్కువని ముందే చెప్పాలి. కానాపలి హోటళ్లలో పని ముగించుకుని ద్వీపం మధ్యలో ఉన్న ఇళ్లకి వెళ్లేవాళ్లు ఈ రోడ్డు మీదే వెళ్తారు. శీతాకాలంలో ఆ రద్దీ, సూర్యాస్తమయం ఒకే వేళకి పడతాయి. అప్పుడు ఇంకో అరగంట కలుపుకోండి. మీరు మెల్లగా పోవాలనుకుంటే కుడివైపు ఖాళీ దొరికినచోట పక్కకి తీసి వెనకవాళ్లని పోనివ్వండి. వాళ్లు రోజంతా నిలబడి పనిచేసి ఇంటికి వెళ్తున్నారు. మీ వెనక పది కార్లున్నా ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు. కొట్టడం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

లహైనా దగ్గర బైపాస్ తీసుకోండి. 2023 ఆగస్టు 8న మంటల్లో ఆ ఊరు కాలిపోయింది, 102 మంది చనిపోయారు. కాలిన వీధుల్లోకి టాప్ లేని కారేసుకుని, ఫోన్ ఎత్తి పట్టుకుని వెళ్లకండి. అక్కడ ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ కట్టుకుంటున్నారు. ఆ ఊరికి ఏమైనా చేయాలనిపిస్తే పడమటి వైపున తెరిచి ఉన్న స్థానికుల దుకాణాల్లో భోజనం చేయండి, వస్తువులు కొనండి.

బైపాస్ దిగాక ఒలొవలు, ఉకుమెహమె వస్తాయి. ఉకుమెహమె దగ్గర సముద్రం రోడ్డుకి ఎంత దగ్గరంటే, అలలు పెద్దవైన రోజుల్లో నీళ్లు తారు మీదికే వస్తాయి. అలా తడిగా కనిపిస్తే వేగం తగ్గించండి. టాప్ లేని కారులో ఆ ఉప్పు తుంపర మొహానికి తగులుతుంది. అమ్మ నోరు తెరిచి నవ్వింది అక్కడే. ఈ వరసలో రోడ్డు పక్కన నీడగా కనిపించే చెట్లు కియావె, మన తుమ్మలాగా ముళ్లవి. వాటి కింద పార్క్ చేయకండి, చెప్పులు లేకుండా అసలు దిగకండి. ఆ ముల్లు హవాయి చెప్పుల అడుగులోంచి కూడా దిగుతుంది.

తర్వాత ఒక చిన్న సొరంగం, ఆ పైన కొండ అంచున వంపులు, పాపవై, మెక్‌గ్రెగర్ పాయింట్. పాపవై పార్కింగ్ తిమింగలాల కాలంలో నిండిపోతుంది. చోటు లేకపోతే అక్కడే చక్కర్లు కొట్టకుండా మెక్‌గ్రెగర్‌కి వచ్చేయండి, దగ్గరే.

సూర్యుడు మీ వెనక ఉన్నాడంటే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో ఉన్నాడని అర్థం. మీరు వాళ్లకి కనిపించకపోవచ్చు. అందుకని సూర్యాస్తమయానికి గంట ముందే హెడ్‌లైట్లు వేయండి. మధ్య అద్దం కింద ఉండే చిన్న మీటని రాత్రి వైపుకి తిప్పండి, లేకపోతే వెనకనుంచి వచ్చే కాంతి అద్దంలో పడి కళ్లు చెదురుతాయి.

కారు గురించి రెండు మాటలు. టాప్ ఎలా దించాలో అద్దె లాట్‌లోనే ఒకసారి దించి, ఎత్తి చూడండి. ఫోర్డ్ మస్టాంగ్‌లో అయితే ముందు అద్దానికి పైన, మధ్యలో ఉన్న హ్యాండిల్ తిప్పి లాక్ తీయాలి, తర్వాత బటన్ నొక్కి పట్టుకోవాలి. కొన్ని కార్లలో డిక్కీ లోపలి అడ్డుతెర సరిగా పెడితే తప్ప టాప్ కదలదు. డిక్కీ చిన్నది, మెత్తటి బ్యాగులైతేనే పడతాయి. పర్సు, ల్యాప్‌టాప్ లాంటివి హోటల్లో ఉండగానే డిక్కీలో పెట్టేయండి. బీచ్ పార్కింగ్‌లో అందరి ముందూ డిక్కీ తెరిచి దాచడం దొంగకి దారి చూపించడమే.

గాలి విషయంలో నాలుగు కిటికీ అద్దాలూ పైకి ఎత్తి ఉంచితే సగం గోల తగ్గుతుంది. గాలి ఎక్కువ కొట్టేది వెనక సీట్లోవాళ్లకి, జాకెట్ వాళ్లకివ్వండి. జుట్టు జడ వేసుకోవాలి, పోనీటెయిల్ అయితే మొహం మీద కొరడాలా కొడుతుంది. అమ్మ చీరే కట్టుకుంటానంది. పమిట భుజం దగ్గరా నడుం దగ్గరా పిన్ను పెట్టి, కొంగు నడుం చుట్టూ తిప్పి దోపి, దాని మీద సీటుబెల్టు వేశాం. హాయిగా కూర్చుంది. కొంగు తలుపు బయటికి ఎగిరే అవకాశం ఉంటే మాత్రం బయల్దేరకండి. సీటుబెల్టు వెనకవాళ్లకీ తప్పనిసరి. ఫొటో కోసం లేచి నిలబడటం అసలు వద్దు.

సాయంత్రపు ఎండే కదా అనుకోకండి, గంటన్నర నెత్తిమీద ఉంటుంది. సన్‌స్క్రీన్ రాసుకోండి, కానీ మౌయి కౌంటీలో 2022 అక్టోబరు నుంచి మినరల్ రకాలకే అనుమతి. సీసా మీద జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉందో లేదో చూసి కొనండి.

మెక్‌గ్రెగర్ పాయింట్ దగ్గర ఆగి టాప్ మూసేయండి. అక్కడిదాకా పడమటి కొండలు ఈశాన్యపు గాలుల్ని ఆపుతాయి. మాలాయలో ఆ అడ్డు తొలగిపోతుంది. రెండు పర్వతాల మధ్య ఇరుకులో గాలి దూసుకొచ్చి కారుని పక్కకి నెడుతుంది. ఎలాగూ చీకటి కూడా పడుతుంది, వీధి దీపాలు తక్కువ.

దక్షిణ తీరంలోని కిహెయి, వైలెయాల్లో బస చేసినవాళ్లకి ఇది ఇంటిదారే, మాలాయ దాటాక 310వ నంబరు రోడ్డు మీద కుడికి తిరగడమే. కానాపలిలో ఉన్నవాళ్లయితే ఈ డ్రైవ్‌ని ఆఖరి సాయంత్రానికి పెట్టుకోండి. అమెరికా మెయిన్‌ల్యాండ్‌కి వెళ్లే విమానాలు చాలావరకు రాత్రిపూట బయల్దేరతాయి. సామాను డిక్కీలో పట్టేలా ఉంటే సూర్యాస్తమయం చూసుకుంటూ నేరుగా 380వ నంబరు రోడ్డు మీదుగా కహులుయి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లిపోవచ్చు. పెట్రోలు కహులుయిలోనే నింపండి. కారు అప్పగించే ముందు వెనక సీటు కిందా, మడత టాప్ సందుల్లోనూ చెయ్యి పెట్టి వెతకండి. గాలికి ఎగిరిన కళ్లజోళ్లు, టోపీలు చేరేది అక్కడికే.