చెరువు గట్టు నుంచి ఐస్ ఫ్యాక్టరీ ప్యానెల్ దాకా: ఎర్త్ ఫాల్టును బ్రేకరు పసిగట్టేలా చేయడం

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల్లో నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్ మోటారు బాడీకి ఫేజు తగిలినా (ఇదే ఎర్త్ ఫాల్టు) ఎమ్‌సీబీ, అంటే కరెంటు మించితే కట్ చేసే చిన్న బ్రేకరు, పడకపోవచ్చు. అది చెడిపోయిందని కాదు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్తు 2 ఓములు, గట్టు మీది ఎర్తు 5 ఓములు అనుకుందాం. 230 వోల్టులకు పారేది సుమారు 33 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది మామూలు లోడే, ఎంతసేపైనా పడదు. మోటారు బాడీ మీద మాత్రం దాదాపు 164 వోల్టులు నిలిచి ఉంటాయి. ఉప్పు నేల కాబట్టి ఎర్తు బాగానే ఉంటుందనే ధీమా వద్దు. ఆ ఉప్పే జీఐ పైపునూ, క్లాంపునూ తినేస్తుంది.

అందుకే భూమిలోకి పోయే కరెంటును విడిగా పట్టాలి. దానికి పద్ధతులు మూడు.

మొదటిది కోర్ బ్యాలెన్స్ సీటీ. సీటీ అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, తనలోంచి పోయే వైర్లలోని కరెంటును కొలిచే రింగు. ఫేజులు మూడూ, న్యూట్రల్ ఉంటే అదీ ఒకే రింగులోంచి పోవాలి. పోయిన కరెంటంతా తిరిగొస్తే రింగుకు ఏమీ కనిపించదు, భూమిలోకి జారినంతే కనిపిస్తుంది. 30, 100, 300 మిల్లీ ఆంపియర్ల స్థాయిలో పనిచేసేది ఇదే. ఏరేటర్లకు ఇది తప్ప వేరే దారి లేదు. ఒక్కో మోటారుకు 30 మిల్లీ ఆంపియర్లది, వాటన్నిటికీ పైన ఆలస్యంగా పడే 300 మిల్లీ ఆంపియర్లది పెట్టండి. ఇరవై ఏరేటర్లకూ కలిపి ఒక్క 30దే పెడితే తడిసిన కేబుళ్ల చిన్న లీకేజీలన్నీ కలిసి రాత్రిపూట దాన్ని పడగొడతాయి. ఆక్సిజన్ అందక రొయ్య పోతుంది. మర్నాడు ఎవరో ఒకరు దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తారు.

బిగించేటప్పుడు మూడు చోట్ల తప్పు జరుగుతుంది. ఎర్త్ వైరు రింగులోంచి పోకూడదు. పోతే ఫాల్టు కరెంటు దాని మీదుగా తిరిగొచ్చి లెక్క సున్నా అవుతుంది. ఆర్మర్డ్ కేబుల్ (లోపల ఆర్మర్ అనే లోహపు తొడుగు ఉన్నది) మొత్తాన్ని రింగులో దూర్చారా, అయితే ఆర్మర్‌కు కట్టిన ఎర్త్ వైరును అదే రింగులోంచి వెనక్కి తెచ్చి ప్యానెల్‌లోని ఎర్త్ బస్‌బార్‌కు (ఎర్త్ పట్టీకి) బిగించండి. కేబుల్ రింగు మధ్యలో నిటారుగా ఉండాలి. పక్కకు ఒరిగినా, రింగు దగ్గరే వంపు తిరిగినా మోటారు స్టార్టింగ్ కరెంటుకే పడిపోతుంది.

రెండోది రెసిడ్యువల్ పద్ధతి. ఐస్ ఫ్యాక్టరీ, రైస్ మిల్లుల్లోని పెద్ద ఏసీబీల (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్ల) ట్రిప్ యూనిట్లలో, అంటే బ్రేకరును పడగొట్టే భాగాల్లో, ఉండేది ఇదే. ప్రతి ఫేజుకూ ఉన్న సీటీల లెక్కలు కూడి, మిగిలినదాన్ని ఫాల్టుగా తీసుకుంటుంది. సీటీల్లో ఉండే చిన్న తేడాల వల్ల సెట్టింగ్ బాగా కిందికి దించడం కుదరదు. 800 ఆంపియర్ల బ్రేకరుకు 20 శాతమంటే 160 ఆంపియర్లు. ఇది ప్యానెల్‌నూ, కేబుల్‌నూ కాపాడుతుంది, మనిషిని కాదు.

మూడు పోళ్ల ఏసీబీ మీద న్యూట్రల్ లోడు ఉంటే న్యూట్రల్‌కు విడిగా నాలుగో సీటీ పెట్టాల్సిందే. లేకపోతే లైట్ల లోడు సమంగా లేనప్పుడు న్యూట్రల్లో పారే కరెంటంతా ఫాల్టులా కనిపిస్తుంది. ఆ సీటీని తిరగేసి బిగిస్తే ఇంకా ఘోరం, న్యూట్రల్ కరెంటు రద్దు కావాల్సింది రెట్టింపవుతుంది. లోడు పెరిగినప్పుడల్లా బ్రేకరు పడుతోందంటే ముందు సీటీ మీది గుర్తులు చూడండి.

మూడోది న్యూట్రల్-ఎర్త్ లింకు మీద సీటీ. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్లకే పనికొస్తుంది. మన దగ్గర న్యూట్రల్‌కు రెండు ఎర్త్ పిట్లు కడతారు కదా, సీటీ ఒక స్ట్రిప్ మీదే ఉంటే ఫాల్టులో కొంత భాగమే దానికి కనిపిస్తుంది. రెండు స్ట్రిప్పులూ విడిపోకముందు ఉన్న ఒకే లింకు మీద పెట్టండి.

ఏ పద్ధతి అయినా, ప్యానెల్ తర్వాత ఎక్కడో న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపి ఉంటే బ్రేకరు ఉత్తినే పడుతుంది, నిజమైన ఫాల్టుకు ఒక్కోసారి పడదు కూడా. జనరేటర్ న్యూట్రల్‌కూ సొంత ఎర్తు ఉంటే చేంజోవర్ స్విచ్ నాలుగు పోళ్లదే (న్యూట్రల్‌నూ మార్చేదే) వాడండి.

పరీక్షకు టెస్ట్ బటన్ ఒక్కటే చాలదు, అది ఎర్త్ వైరు ఉందో లేదో చెప్పదు. 300 మిల్లీ ఆంపియర్ల రిలేకు (రింగు లెక్కను బట్టి బ్రేకరును పడగొట్టేదానికి) విడిగా ఒక వైరును రింగులోంచి ఒకసారి పోనిచ్చి, 12 వోల్టుల ఏసీ ట్రాన్స్‌ఫార్మర్‌కు 39 ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌తో కలపండి. దాదాపు 308 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. మీటరుతో సరిచూసుకోండి, రిలే పడాలి. 82 ఓములు పెడితే 146 వస్తుంది, దానికి పడకూడదు. ఏసీబీకి మాత్రం ప్రైమరీ ఇంజెక్షన్, అంటే సీటీల్లోంచి నిజంగానే కరెంటు పంపి చూసే పరీక్ష, చేయించాలి. ట్రిప్ యూనిట్‌కు తగిలించే చిన్న టెస్ట్ కిట్ నాలుగో సీటీ తిరగబడిందో లేదో కనిపెట్టలేదు.