రాస్ప్‌బెర్రీ పైతో అరడజను సర్వోలు: వణుకు లేకుండా, బోర్డు రీస్టార్ట్ కాకుండా

ఒక్క సర్వోను, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారును తిప్పడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మూడు వైర్లు చాలు. నాలుగోదో ఐదోదో తగిలించేసరికి అసలు గొడవ మొదలవుతుంది. ఆగి ఉన్న సర్వో వణుకుతుంది, ఒకటి కదిలితే పక్కది ఉలిక్కిపడుతుంది, పై దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. చాలామంది అప్పుడు కోడ్‌ని తిరగేస్తారు. ముందు చూడాల్సింది కరెంటు, గ్రౌండ్.

సర్వోకి ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక పల్స్, అంటే క్షణకాలపు విద్యుత్ సిగ్నల్ కావాలి. అది ఎంతసేపు ఉంటుందన్నదాన్ని బట్టే కోణం. పల్స్ 1500 మైక్రోసెకన్లుంటే మధ్యలో నిలబడుతుంది. 500 నుంచి 2500 వరకు 180 డిగ్రీలు తిరిగే సర్వోలో ఒక డిగ్రీకి దక్కేది దాదాపు 11 మైక్రోసెకన్లే. పై మీద నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేరే పనిలో పడి పల్స్‌ని ఆ కాస్త ఆలస్యంగా ముగించినా సర్వో ఒక డిగ్రీ పక్కకు జరుగుతుంది. మీరు చూసే వణుకుల్లో ఒకటి ఇదే. పల్స్‌ని హార్డ్‌వేరే తయారుచేస్తే ఈ బాధ లేదు గానీ, పై 4 వరకు వచ్చిన మోడళ్లలో అలాంటి ఛానళ్లు రెండే. అందుకే పల్స్‌ల పనిని పీసీఏ9685 చిప్ ఉన్న డ్రైవర్ బోర్డుకి అప్పగించాలి. ఒక్క బోర్డు మీద 16 ఛానళ్లుంటాయి, రాస్ప్‌బెర్రీ పై నుంచి దానికి ఐటూసీ (చిప్‌లు రెండు వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతి) సిగ్నల్ వైర్లు రెండే వెళ్తాయి.

పవర్ లెక్క

కరెంటు లెక్క వేసేటప్పుడు మామూలుగా తిరిగే కరెంటు కాదు, స్టాల్ కరెంటు చూడాలి. అంటే సర్వో బరువుకి ఇరుక్కుని తిరగలేకపోయినప్పుడు లాగేది. ఎంజీ996ఆర్ అనే పెద్ద సర్వో 6 వోల్ట్ల దగ్గర సుమారు 2.5 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ఎస్‌జీ90 సుమారు 0.7. నాలుగు పెద్దవి, రెండు చిన్నవి ఉన్న రోబో చేతికి మొత్తం 11 ఆంపియర్లు దాటుతుంది. అన్నీ ఒకేసారి ఇరుక్కోవు కాబట్టి 8 నుంచి 10 ఆంపియర్ల సప్లై పెడితే పని నడుస్తుంది. ఎస్‌జీ90 లాంటి చిన్నవి కలిసి ఉంటే వోల్టేజీ 5 దగ్గరే ఉంచండి. 6 పెడితే పెద్దవాటికి బలం పెరుగుతుంది కానీ చిన్నవి వేడెక్కుతాయి.

పై మీదున్న 5 వోల్ట్ పిన్ను నుంచి సర్వోలకు కరెంటు ఇవ్వొద్దు. సర్వో కదలడం మొదలుపెట్టిన క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. అది 4.63 దగ్గరికి దిగగానే పై లో-వోల్టేజీ హెచ్చరిక ఇస్తుంది, ఇంకా దిగితే రీస్టార్ట్ అవుతుంది. చదరపు 9 వోల్ట్ బ్యాటరీ కూడా పనికిరాదు. దాని లోపలి నిరోధం ఎక్కువ, ఒక్క సర్వో కదిలినా వోల్టేజీ కూలిపోతుంది.

వైరింగ్

డ్రైవర్ బోర్డులో రెండు పవర్ చోట్లుంటాయి, వాటిని కలిపేయకూడదు. వీసీసీ అనేది చిప్ కోసం, దానికి పై మీది 1వ పిన్ను నుంచి 3.3 వోల్ట్లు ఇవ్వాలి. వీ-ప్లస్ అనేది సర్వోల కోసం, అక్కడ బయటి సప్లై వస్తుంది. వీసీసీకి 5 వోల్ట్లు ఇస్తే, బోర్డు మీది పుల్-అప్ రెసిస్టర్ల (ఐటూసీ వైర్లను వీసీసీకి కలిపి ఉంచేవి) ద్వారా ఆ 5 వోల్ట్లు పై ఐటూసీ పిన్నుల మీదికి వస్తాయి. ఆ పిన్నులు 3.3 దాటి తట్టుకోవు. ఐటూసీ వైర్లు రెండిటిలో ఎస్‌డీఏ 3వ పిన్నుకి, ఎస్‌సీఎల్ 5వ పిన్నుకి, గ్రౌండ్ 6వ పిన్నుకి.

బయటి సప్లై మైనస్, పై గ్రౌండ్, డ్రైవర్ గ్రౌండ్ మూడూ ఒకటి కావాల్సిందే. ఇది మరిచిపోతే సిగ్నల్‌కి ఆధారం ఉండదు, సర్వో ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. వీ-ప్లస్ దగ్గర కెపాసిటర్ పెట్టడానికి బోర్డు మీద ఖాళీ చోటు ఉంటుంది. ఒక్కో సర్వోకి 100 మైక్రోఫారడ్ చొప్పున లెక్కేసుకోండి, 1000 మైక్రోఫారడ్, 10 వోల్ట్‌ది అయితే దిగులుండదు. ధ్రువాలు తారుమారైతే అది పేలుతుంది.

ఎంజీ996ఆర్‌లు మూడు నాలుగు ఉంటే ఆ కరెంటంతా బోర్డు సన్నని రాగి దారుల గుండా పంపొద్దు. సప్లై నుంచి లావు వైర్లతో నేరుగా సర్వోలకు ప్లస్, మైనస్ ఇచ్చి, బోర్డు నుంచి సిగ్నల్ వైరు మాత్రం తీసుకోండి.

సాఫ్ట్‌వేర్

పై సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌కి వెళ్లి ఐటూసీ ఆన్ చేయండి. తర్వాత, కలిపిన చిప్‌ల అడ్రస్‌లు చూపించే ఐటూసీ-డిటెక్ట్ కమాండ్‌ని బస్ 1 మీద నడిపితే హెక్సాడెసిమల్ 40 కనిపించాలి. దాంతోపాటు 70 కూడా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, అది ఈ చిప్‌లన్నీ ఉమ్మడిగా పలికే అడ్రస్. రెండో బోర్డు కలపాలంటే దాని ఏ0 జంపర్‌ని సోల్డర్ చేయండి, అడ్రస్ 41 అవుతుంది.

పైథాన్‌లో అడాఫ్రూట్ వాళ్ల సర్వోకిట్ లైబ్రరీ సరిపోతుంది. కొత్త రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో పిప్ (పైథాన్ లైబ్రరీలు దించుకునే కమాండ్) నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీలకు విడిగా పెట్టుకునే చోటు) తెరిచి అందులో పెట్టుకోవాలి. ఈ లైబ్రరీ మామూలుగా 750 నుంచి 2250 మైక్రోసెకన్ల పల్స్ పంపుతుంది. సర్వో పూర్తిగా తిరగకపోతే కింది హద్దుని 50 చొప్పున తగ్గిస్తూ, ఎగువ హద్దుని 50 చొప్పున పెంచుతూ చూడండి. చివర్లో గుర్రుమని మోత వస్తే అంచుకి గుద్దుకుంటోందని అర్థం. వెంటనే వెనక్కి తగ్గండి, లేకపోతే గేరు పళ్లు పోతాయి.

ఈ చిప్ లోపలి గడియారం 25 మెగాహెర్ట్జ్ అని చెప్తారు గానీ బోర్డు బోర్డుకీ తేడా ఉంటుంది. హెర్ట్జ్ కొలిచే మల్టీమీటర్ ఉంటే ఒక ఛానల్ మీద పెట్టి చూడండి. 50 అడిగితే 52.5 వస్తోందంటే అసలు గడియారం 26.25 మెగాహెర్ట్జ్. ఆ సంఖ్యను లైబ్రరీకి రిఫరెన్స్ క్లాక్‌గా ఇస్తే కోణాలు దారికొస్తాయి.

చేతి భాగాలు బిగించే ముందే ప్రతి సర్వోనూ 90 డిగ్రీలకు పంపి, ఆ స్థితిలో హార్న్ (సర్వో ఇరుసుకి బిగించే చిన్న పట్టీ) తగిలించండి. మామూలు సర్వో తానెక్కడుందో పైకి చెప్పదు కాబట్టి పవర్ ఇచ్చాక వెళ్లే మొదటి ఆజ్ఞకి పూర్తి వేగంతో దూకుతుంది. అందుకే మొదటి ఆజ్ఞలు అన్నిటికీ ఒకేసారి వద్దు, ఒక్కోదానికి మధ్య 300 మిల్లీసెకన్లు వదలండి. కరెంటు కూడా ఒక్కసారిగా ఎగబాకదు. ఆ తర్వాత కదలికలకు, ప్రతి 20 మిల్లీసెకన్లకు 2 డిగ్రీలు జరిపితే సెకనుకి 100 డిగ్రీల వేగం వస్తుంది. సర్వోలన్నీ ఒకేసారి గమ్యం చేరాలంటే ఎక్కువ దూరం వెళ్లాల్సినదానికి ఇలాంటి 20 మిల్లీసెకన్ల దశలు ఎన్ని పడతాయో లెక్కేసి, మిగతావాటి దూరాన్నీ అదే సంఖ్యతో భాగించండి.

ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయినా చిప్ చివరి పల్స్‌ని పంపుతూనే ఉంటుంది, సర్వోలు బిగుసుకునే ఉంటాయి. వదిలించాలంటే కోణాన్ని పైథాన్‌లో None అని పెట్టాలి, లేదా బోర్డు మీది ఓఈ (అవుట్‌పుట్ ఎనేబుల్) పిన్నుని 3.3 వోల్ట్లకు కలపాలి. ఆ పిన్నుకి ఒక స్విచ్ పెట్టుకుంటే అత్యవసరంగా సిగ్నళ్లన్నీ ఆపొచ్చు. అయితే బరువు మోస్తున్న చెయ్యి ఆ క్షణమే కింద పడుతుంది, ముందు కింద ఏదైనా ఆనించి నొక్కండి.